ముప్పై భయాల కావడి

నది దాటిన పొద్దున మేజర్ చలువాది నగరేశ్వరరావు చేతిలో ఉన్నవి ఇవి: ముప్పై ఒక్క మంది జవాన్లు, పది పన్నెండు గోడలకు కన్నాలు పెట్టడానికి సరిపడే మందుగుండు, మనిషికి రెండు సీసాల నీళ్ళు, సాయంత్రం ఆరు గంటల దాకా గడువు. ఎదుట తెర్మిన్ పట్నం. అందులో నాలుగు వీధుల అవతల ఒక పాత నూలు మిల్లు. ఆ మిల్లులో వేరే కంపెనీ సైనికులు నలభై మంది గాయాలతో మూడు రోజులుగా చిక్కుకుని ఉన్నారు. ఆరింటికి మనవాళ్ళే వంతెన పేల్చేస్తారు. ఆ తర్వాత అటువైపు ఉన్నవాడు అటే.

నగరేశ్వరరావు లెక్క ఒక్కటే. ముప్పై ఒక్క మందితో వెళ్ళాలి, ముప్పై ఒక్క మందితో రావాలి. ఆ నలభై మంది ఆ పైన. మొదలు పోగొట్టుకుని తెచ్చింది సంపాదన కాదని వినుకొండలో అపరాల కొట్టు నడిపిన వాళ్ళ నాన్న చెప్పేవాడు. ఆయన కందులకూ శనగలకూ చెప్పిన మాటను కొడుకు మనుషులకు పట్టించుకున్నాడు. పదహారేళ్ళ నౌకరీలో అతని చేతి కింద పోయినవాళ్ళు ఇద్దరే. తోటి అఫీసర్లు అతన్ని శెట్టిగారని వేళాకోళం చేసేవాళ్ళు. తుపాకీ కూడా తక్కెడ పట్టినట్టే పడతాడనేవాళ్ళు. అతను నవ్వి ఊరుకునేవాడు. తూకం తెలిసినవాడి చేతిలో తుపాకీ ఉండటం జవాన్లకే మంచిదని అతని ఉద్దేశం.

ఈసారి తక్కెడలో కొత్త సరుకు పడింది. అతని మెడ వెనక, చర్మం కింద, చింతగింజంత యంత్రం ఒకటి ఉంది. దాని పేరు కావడి. దాన్ని చేసింది అతని భార్య హైమవతి.

*

కావడి పనితనాన్ని అతను మొదట చూసింది ఏడాది కిందట, ఘట్‌కేసర్ దాటాక ఉన్న ఒక ప్రయోగశాలలో, అన్నం క్యారియర్ ఇవ్వడానికి వెళ్ళిన మధ్యాహ్నం. హైమ అతని మేనమామ కూతురు. పెళ్ళికి ముందూ తర్వాతా బావా అనే పిలుస్తుంది. క్యారియర్ పక్కన పెట్టించి, చెయ్యి పట్టుకుని లాక్కుపోయి రెండు మేకలను చూపించింది. రెండింటి మెడలకూ పట్టీలు. మధ్యలో గోడ. మొదటి మేక ముందుకు గొలుసు కట్టిన వేటకుక్కను తెచ్చారు. కుక్క పళ్ళు బయటపెట్టి ఎగిరెగిరి మొరిగింది. మేక తలెత్తి ఒకసారి చూసి, మళ్ళీ అవిసాకు నమలసాగింది. గోడకు ఇవతల, కుక్క మొహమే ఎరగని రెండో మేక కాళ్ళు ముడుచుకుని కింద పడి కొట్టుకుంటోంది.

భయం ముందు పుట్టేది ఒంట్లోనని, గుండె, ఊపిరి, కడుపు కదిలాకే అది తలకెక్కుతుందని హైమ చెప్పింది. పట్టీ ఆ కదలికను మెడ నరం దగ్గరే పట్టుకుని ఇంకొకరి నరంలోకి పంపేస్తుంది. ఏదో ఒక యంత్రంలోకి పంపి అక్కడే చంపేద్దామని రెండేళ్ళు ప్రయత్నించారు. కుదరలేదు. మోసే ప్రాణి లేకపోతే భయం వెనక్కి తిరిగి, బయల్దేరిన ఒంటి మీదే రెండింతలై పడుతుంది.

"అంటే చావదు. చేతులు మారుతుందంతే," అన్నాడు నగరేశ్వరరావు.

"అంతే బావా. ఎవరో ఒకళ్ళ భుజం కావాల్సిందే."

మొదటి మేక తాడు విప్పితే ఏం చేస్తుందని అతను అడిగాడు. విప్పారు. అది తిన్నగా కుక్క దగ్గరకు నడిచి, దాని మూతి వాసన చూడబోయింది. గొలుసు ఒక అడుగు పొట్టిది కాబట్టి మేక దక్కింది. అక్కడున్న అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. ఆ రోజు నవ్వడం మాని ఆ ఒక్క అడుగునూ కొలిచి చూసుకుని ఉంటే వేరే సంగతి.

మనుషుల దాకా వచ్చేసరికి మోసేవాళ్ళు దొరకలేదు. ఒక అఫీసరు అరుచుకుంటూ ప్రహరీ దూకాడు. ఇంకొకాయన పది రోజులు మాట్లాడలేదు. మూడోవాడుగా నగరేశ్వరరావు తనే వచ్చాడు. ఆరుగురు జవాన్లను ఎత్తయిన గోడ మీద నుంచి దూకించారు. ఆరుగురి భయమూ అతని ఒంట్లోకి దిగింది. అతను కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని, వచ్చిన ప్రతిదాన్నీ కొట్లోకి వచ్చిన బస్తాను చూసినట్టు చూశాడు. ఇది కడుపులో తిప్పుతోంది, ఫలానావాడిది. ఇది నాలుక కింద చేదు, ఫలానావాడిది. ఇది మోకాళ్ళలో వణుకు. ఎవరిదో తెలిస్తే తనది కాదని తెలుస్తుంది. తనది కానిదాన్ని మోయొచ్చు. మూడు గంటలు మోసి, పది నిమిషాల్లో నెమ్మదిగా ఎవరిది వారికి దించేశాడు.

దూరం పెరిగితే పనిచేస్తుందో లేదో చూడటానికి రెండో ప్రయోగం ఇంట్లోనే పెట్టారు. జవాన్లు ప్రయోగశాలలో తాడు మీద నడుస్తున్నారు. అతను హబ్సిగూడలో తన వంటింట్లో కూర్చుని దోసెలు తింటున్నాడు. హైమ పెనం ముందు నిలబడి ఏం వస్తోందో అడుగుతూ రాసుకుంటోంది. ఇంతలో గ్యాస్ బండ కింద నుంచి ఒక బొద్దింక బయటికొచ్చింది. మేజర్ నగరేశ్వరరావు ప్లేటు వదిలేసి స్టూలెక్కాడు. హైమ పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ స్టూలు కాళ్ళ వెంట నీళ్ళు కారడం చూసి ఆగిపోయింది. స్టవ్ ఆర్పేసింది.

గుడ్డతో నేల తుడుస్తూ, తలెత్తకుండా ఒక మాట చెప్పింది. రాగి చెంబులో చారు ఎంతసేపు ఉంచవచ్చో అంతసేపే మోయాలట. తర్వాత చిలుము చారులోకి దిగుతుంది. ఇక రెండింటినీ విడదీయలేం.

"ఆరు గంటలు బావా. అది దాటితే అవి నీవే అయిపోతాయి. వాళ్ళకు తిరిగి పోవు."

"భయం తిరిగి కావాలని ఎవడడుగుతాడు హైమా?"

ఆమె గుడ్డ పిండుకుని మళ్ళీ తుడిచింది.

*

తొమ్మిదింటికి వంతెన ఈవలి చివర, ఇసుక బస్తాల చాటున జవాన్లను వరుసగా నిలబెట్టాడు. హైమ వెనక వ్యాన్‌లో రేడియో దగ్గర కూర్చుంది. కావడి కట్టే పద్ధతి తేలికే. జవాను మెడ పట్టీ మీద మేజర్ చెయ్యి వేసి ఒక అంకె పలుకుతాడు. ఆ అంకెతో ఆ పట్టీకీ అతని నరానికీ ముడి పడుతుంది. కాల్పుల మోతలో ఎవడైనా తల్లిభాషలోనే లెక్కపెడతాడని హైమ ఒకటి నుంచి నలభై దాకా అతని గొంతుతోనే యంత్రానికి తెలుగులో నేర్పింది. ముడి పడిందో లేదో చూపించే దీపం మాత్రం పెట్టలేదు. మెడ మీద వెలుగు ఉంటే శత్రువుకు గురి చూపించినట్టే.

వరుసలో మొదటివాడు సుబేదార్ బొడ్డేపల్లి అప్పలసూరి. టెక్కలి దగ్గర పల్లె, ఇరవై ఆరేళ్ళ నౌకరీ, నెరిసిన మీసం. అతని మెడ మీద చెయ్యి పడగానే నగరేశ్వరరావు నాలుక చిన్నప్పటి దారి పట్టింది. కొట్లో కందులు కొలిచేటప్పుడు మొదటి మానికను ఒకటి అననివ్వరు. ఒకటి అంటే ఒంటరి. "లాభం," అన్నాడు. పక్కవాడి దగ్గర "రెండు." ఆ పక్కవాడి దగ్గర "మూడు." అలా ముప్పై ఒకటి దాకా వెళ్ళి, తుపాకీ సర్దుకుని, వంతెన ఎక్కమన్నాడు.

ఆవలి ఒడ్డున అడుగు పెట్టగానే బరువు దిగింది. ఒకడిది కడుపులో, ఒకడిది చెవుల వెనక, ఒకడిది వెన్నులో చల్లగా. ఎవరిది ఎక్కడుందో సర్దుకోవడానికి ఒక నిమిషం గోడకు ఆనుకున్నాడు. అప్పలసూరి వైపు నుంచి మాత్రం ఏమీ రాలేదు. అటు చూస్తే ఆ మనిషి మొహం రాయిలా ఉంది. ఇరవై ఆరేళ్ళలో భయమే అరిగిపోయిందనుకున్నాడు నగరేశ్వరరావు. అలాంటివాడు వెంట ఉండటం అదృష్టమనుకున్నాడు. అందుకే ప్రతి గుమ్మంలోకీ ముందు అతన్నే పంపాడు.

తను మాత్రం ముందు నడవలేదు. నడవకూడదు. అతను పడిపోతే మోస్తున్నదంతా నడివీధిలో జవాన్ల మీద రెండింతలై పడుతుంది. అఫీసరు ముందుండాలన్నది పదహారేళ్ళుగా పాటించిన మర్యాద. దాన్ని ఈ ఒక్కరోజుకు పక్కన పెట్టి మూడోవాడుగా నడిచాడు. అది అతనికి మింగుడుపడలేదు. అయినా లెక్క లెక్కే.

మొదటి వీధి ఇరవై నిమిషాల్లో చిక్కింది. వేరే దళమైతే సగం పూట పట్టేది. జవాన్లు పెళ్ళిపందిట్లోకి వెళ్ళినట్టు మెట్లెక్కారు, పై అంతస్తుల్లో ఉన్నవాళ్ళను తేరుకోనివ్వకుండా తరిమారు. అవతలివాళ్ళు అంత నిబ్బరంగా వచ్చే మనుషులను ఎన్నడూ చూసి ఉండరు. తుపాకులు వదిలేసి పరుగెత్తారు. రేడియోలో హైమ గొంతు తేలిగ్గా వినిపించింది.

రెండో వీధిలో మోజేసు పోయాడు. నిజాంపట్నం వైపు కుర్రవాడు, మంచి ఈతగాడు. ఎక్కడినుంచో తూటా వచ్చి అతని పక్కన గోడకు తగిలింది. చాటుకు పోవాల్సినవాడు నడివీధిలో నిలబడి, ఏ కిటికీలోంచి వచ్చిందోనని చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూశాడు. రెండో తూటా వచ్చింది. నగరేశ్వరరావు కడుపులో అప్పటికే లేచిన మంట ఆరకుండా అలాగే నిలిచిపోయింది. మనిషి పోయాడు గానీ అతని భయం పోలేదు.

మూడో వీధిలో ఇద్దరు. గుమ్మానికి అడ్డంగా కట్టిన తీగ వాళ్ళిద్దరికీ కనిపించింది. ఆగమని మేజర్ అరిచాడు కూడా. వినబడిందన్నట్టు చెయ్యి ఊపుతూనే తలుపు తోశారు. పేలుడు దుమ్ము అణిగాక మిగతావాళ్ళు ఆ గుమ్మంలోంచే నడిచి వెళ్ళారు. ఒకడు తన బూటు మీద పడ్డ దుమ్ము దులుపుకున్నాడు.

మిల్లు చేరేసరికి ఒకటిన్నర. ఇరవై ఎనిమిది మంది ఉన్నారు. గాయపడినవాళ్ళు నలభై మందీ ప్రాణాలతోనే ఉన్నారు. వాళ్ళు వీళ్ళను చూసి ఏడ్చారు. వీళ్ళు ఎందుకు ఏడుస్తున్నారన్నట్టు చూశారు.

రెండూ ఇరవైకి రేడియోలో హైమ పిలిచింది. మిల్లు గోడలు మందంగా ఉన్నాయి, పది నిమిషాలు అందరినీ కూర్చోబెట్టి దించేయమంది. తిరుగు దారికి అవసరమైతే మళ్ళీ కట్టుకోవచ్చంది. నగరేశ్వరరావు బయటికి చూశాడు. ఆరు స్ట్రెచర్లు కట్టాలి, వీపున మోయాల్సినవాళ్ళు నలుగురు, మిగతావాళ్ళు ఒకరి భుజం ఒకరికి ఆసరాగా. పొద్దున్నుంచి చూడనిదంతా ఒక్కసారి చూసి జవాన్లు బెదిరితే ఈ నలభై మందిని ఎవరు మోస్తారు? ధర ఇంకా పెరుగుతుందని సరుకు బిగబట్టుకున్నవాడి ఆశ అతన్ని పట్టుకుంది. ఇంకొక్క గంట అన్నాడు. మూడు లోపల, మేజర్ గారూ, అని మాత్రం అంది హైమ.

స్ట్రెచర్లు కట్టడానికి అనుకున్నదానికంటే ఎక్కువ సేపు పట్టింది. మూడుకు పది నిమిషాలుండగా ఆమె మళ్ళీ పిలిచింది. అప్పుడే మిల్లు వెనక గేటు మీద కాల్పులు మొదలయ్యాయి. కూర్చోబెట్టే వీలు లేదు. అతను రేడియో పక్కన పెట్టి గేటు వైపు పరుగెత్తాడు. అవి ఆగేసరికి మూడూ పన్నెండు.

"బావా," అంది హైమ. అధికారుల ముందు ఆమె ఆ మాట వాడటం అదే మొదలు. "దాటిపోయింది. ఇప్పుడు దించినా దిగవు."

*

మిల్లు మలుపు తిరగ్గానే నాలుగోవాడు పోయాడు. స్ట్రెచర్ మోస్తున్నవాడు, చెయ్యి నొప్పిగా ఉందని దాన్ని వీధి మధ్య దించి, చేతులు విదిలించుకుంటూ నిలబడ్డాడు. స్ట్రెచర్ మీద ఉన్నవాడిని ఇంకొకడు లాగేశాడు గానీ అతన్ని లాగడానికి సమయం చాలలేదు.

ఇంకా మూడు వీధులు. నగరేశ్వరరావు అలవాటుగా అప్పలసూరిని ముందు నడవమన్నాడు. సుబేదార్ కదలలేదు. రెండు చేతులతో తుపాకీ పట్టుకుని గోడకు అతుక్కుపోయాడు.

"సార్, ఒక మాట సెప్తాను. ఇన్నాక తిట్టండి. నాకు బయమేస్తంది. పొద్దున్నుంచీ ఏస్తంది."

నగరేశ్వరరావుకు అర్థం కాలేదు. నీ భయం నా దగ్గరకు రావాలి కదా అన్నాడు.

"అదే సార్ నాకూ తెలవట్లేదు. అందరికీ ఇలాగే ఉందేమో, ఎవులూ బయటపడట్లేదేమో అనుకున్నాను. పిల్లలందరూ అలా ఎల్తంటే ముసలోణ్ణి నాను వణికితే ఏటి బాగుంటాది? అందరికీ అంకెలిచ్చారు. నన్ను లాభం అన్నారు. మా ఊర్లోనూ ధాన్యం కొలిసేటప్పుడు అలాగే అంటారు గదా. దీవెన అనుకున్నాను సార్."

నగరేశ్వరరావు ముందు పొద్దున దాటిన గుమ్మాలన్నీ వరుసగా నిలబడ్డాయి. ఇరవైకి పైగా గుమ్మాలు. ప్రతిదానిలోకీ ముందు వెళ్ళింది ఈ మనిషి. భయం తీసేసిన ముప్పై మందిని కాపాడటానికి, భయం నిండా ఉన్న ఒక్కణ్ణి ముందు తోశాడు. ఈ మనిషి వెళ్ళాడు. మాట మాట్లాడకుండా వెళ్ళాడు, చూసుకుని వెళ్ళాడు, బతికి ఉన్నాడు. పోయిన నలుగురిలో ఒక్కడికీ భయం లేదు.

"ఇప్పుడెందుకు ఆగావు?" అని అడిగాడు మెల్లగా.

అప్పలసూరి వేలు చూపించాడు. వీధి చివర మూడంతస్తుల మేడ మీద పావురాలు వాలబోయి, వాలకుండా మళ్ళీ లేస్తున్నాయి. అలా నాలుగుసార్లు లేచాయట. పైన మనుషులున్నారు. వెనకున్న ఇరవై ఆరుగురూ ఆ పావురాలను చూశారు. ఎవడికీ ఏమీ అనిపించలేదు.

అవును, అనిపించలేదు. కానీ నగరేశ్వరరావు చెవుల వెనక ఇందాకటి నుంచీ సూదులు గుచ్చుతున్నాయి. అవి తొమ్మిదో నంబరు జవాను దస్తగిరివి. దస్తగిరి కళ్ళు పావురాలను చూశాయి, అతని ఒళ్ళు ప్రమాదాన్ని పసిగట్టింది. ఆ కబురు అతని తలకు చేరకుండా మేజర్ మెడలోకి వచ్చి పడింది. ఒక్కొక్కటీ గుర్తు తెచ్చుకున్నాడు. తీగ తగిలిన గుమ్మం ముందు మోకాళ్ళు వణికాయి. మోజేసు పోయే ముందు కడుపు రగిలింది. ఆరు గంటలుగా బస్తాల్లా మోసినవన్నీ కబుర్లు. ఒక్కటీ విప్పి చదవలేదు.

అప్పుడు లెక్క మార్చాడు. ఇక తను పడినా ఆ భయాలు వాళ్ళ మీదికి పోవు కాబట్టి, మూడోవాడుగా నడవడం మానేసి అప్పలసూరి పక్కన నిలబడ్డాడు. వీధి వదిలేశారు. మందుగుండుతో ఇంటి గోడకు కన్నం పెట్టి పక్కింట్లోకి, అక్కడినుంచి ఆ పక్కింట్లోకి. చెయ్యి ఖాళీగా ఉన్న ప్రతి జవానూ ముందువాడి బెల్టు పట్టుకోవాలి, పట్టు వదిలినవాడికి ఈ పట్నంలోనే కాపురమని చెప్పాడు. భయం లేనివాళ్ళకు బెదిరింపులు పట్టవు. అందుకని బెదిరించడం మానేసి నంబర్లతో నడిపించాడు. వెన్ను చల్లబడితే "పదిహేడూ, ఆగు. ఏం చూశావో చెప్పు" అనేవాడు. పదిహేడోవాడు ఆశ్చర్యపోతూ చుట్టూ చూసి, మెట్ల కింద కొత్త మట్టి ఉంది సార్ అనేవాడు. నాలుక చేదైతే "ఆరూ" అనేవాడు. వంటింటి కిటికీ తెర కదిలింది సార్. వాళ్ళ భయం ఇతని ఒంట్లో, ఆ భయానికి కారణం వాళ్ళ కళ్ళలో. రెండూ కలిపి ఒక మనిషిని తయారు చేసుకుంటూ గది తర్వాత గది దాటాడు.

రెండుసార్లు కాళ్ళు పనిచేయక కూలబడ్డాడు. ఏడవడం కూడా వినబడింది, అది తన గొంతే. అప్పలసూరి చంకలో చెయ్యి వేసి లేపాడు. "లెగండి సార్. నాకూ అలాగే ఉంది. ఇద్దరం బయపడుతూనే ఎల్దాం," అన్నాడు. ఆ రోజంతటిలో నగరేశ్వరరావుకు ఎవరైనా తోడున్నట్టు అనిపించింది అప్పుడే.

పదకొండు గోడలు. అయిదూ నలభైకి వంతెన మీద ఉన్నారు. నలభై మందీ దాటారు. ఇరవై ఏడు మందీ దాటారు. ఆఖరున అప్పలసూరి, మేజర్. ఆరింటికి వంతెన పేలినప్పుడు జవాన్లు అటు తిరిగి తమాషా చూస్తున్నట్టు చూశారు. నగరేశ్వరరావు వ్యాన్ చక్రాల కింద దూరాడు. హైమ కూడా నేల మీద పడుకుని అతని తల పొట్లంలా పట్టుకుంది.

*

అతనికి పతకం ఇచ్చారు. ఇచ్చిన రోజున చప్పట్ల మోతకు మోకాళ్ళు వంగిపోతే పక్కనున్న అధికారి చాకచక్యంగా పట్టుకున్నాడు. హైమ జరిగిందంతా నివేదిక రాసింది. పోయిన నలుగురూ ఎలా పోయారో, లాభం అనే మాటను యంత్రం అంకెగా గుర్తుపట్టకపోవడం వల్ల ఏం దక్కిందో ఒక్కటీ దాచలేదు. పైవాళ్ళకు అందులో కనిపించింది రెండు అంకెలే. నలభై మంది దక్కారు, నలుగురు పోయారు. గిట్టుబాటు బేరమన్నారు. మూడు వందల మందికి ఒక్కడు మోసే కావడి చేయమన్నారు. హైమ తన పేరు తీసేసుకుని బయటికొచ్చేసింది. కావడి నమూనా పటాలు మాత్రం అక్కడే ఉండిపోయాయి.

కబుర్లు ఒక్కొక్కటిగా రాసాగాయి. సెలవు మీద ఇంటికి వెళ్ళిన జవాను గేటు వేసి ఉండగా రైలు పట్టాలు దాటుతూ పోయాడు. ఒకడు పండగనాడు చేపల పడవ తీసుకుని తుపానులోకి వెళ్ళాడు. ఒకడు చేతిలో పెద్ద పుండు పెట్టుకుని ఆస్పత్రికి పోకుండా తిరిగి తిరిగి పోయాడు. ఏడాది తిరిగేసరికి అలా ఐదుగురు. ఒక్కొక్క కబురు వచ్చినప్పుడల్లా నగరేశ్వరరావు ఒంట్లో వాళ్ళ భయం ఉలిక్కిపడి, ఎక్కడికి పోవాలో తెలియక మళ్ళీ సర్దుకునేది.

ఇంటి ముందు గదిలోనే హైమ ఒక పరికరం చేసింది. దిగనివాటిని దించే పరికరం. ఎదురెదురుగా కూర్చుని, మెడ మీద చెయ్యి వేసి నంబరు పలకాలి. అవతలివాడు ఒప్పుకుంటేనే దిగుతుంది. ఏడాది భయం ఒక్క పెట్టున వస్తుంది, నొప్పి ఉంటుంది. దాన్ని సంచిలో పెట్టుకుని నగరేశ్వరరావు ఊరూరా తిరిగాడు. రైలెక్కాలంటే ఒకడి భయం, లిఫ్టెక్కాలంటే ఇంకొకడి భయం. అయినా తిరిగాడు. ఎవరూ తీసుకోలేదు. హాయిగా ఉంది సార్, ఎందుకు పాడుచేస్తారు అన్నారు. ప్రపంచంలో ఎవరూ కొనని సరుకు ఏదంటే ఇదే.

నందికొట్కూరులో దస్తగిరి కూడా అదే మాట నవ్వుతూ చెప్పాడు. టీ తెచ్చిన అతని భార్య రహమత్‌బీ లోపలికి పోకుండా గుమ్మం దగ్గర నిలబడిపోయింది. ఆవిడే మాట్లాడింది.

"ఈయప్ప పాపను మిద్దె అంచున కూచోబెట్టి జడేస్తాడు సార్. కాళ్ళు బయటికి వేలాడేసి. వద్దంటే నవ్వుతాడు. ఈయప్ప పడాల్సిన బయం గూడా నేనే పడతాండా. ఇద్దరి బయం ఒక్కదాన్నే ఎన్నాళ్ళు మొయ్యాల?"

దస్తగిరి నవ్వు తగ్గింది. నగరేశ్వరరావు ఆవిడ కళ్ళ కింద నలుపు చూశాడు. తన అద్దంలో రోజూ చూసే నలుపే. ఇంతకాలం తను సరుకును తప్పు అంగట్లో పెట్టాడు. దాని బరువు తెలిసినవాళ్ళు ఇంట్లో ఉన్నారు.

ఆమె బతిమాలింది. అతని అమ్మ వచ్చి తిట్టింది. చివరికి దస్తగిరి, మీ ఇష్టం, కానివ్వండి అని తల వంచాడు. మెడ మీద చెయ్యి పడింది. తొమ్మిది, అన్నాడు నగరేశ్వరరావు. దస్తగిరి కెవ్వుమని లేచి, చెంబు తన్నేసి, మెట్లన్నీ రెండేసి చొప్పున ఎక్కి మిద్దె మీదికి పోయాడు. పాప అంచున కూర్చుని బొమ్మకు అన్నం పెడుతోంది. దాన్ని రెండు చేతులా ఎత్తి, వెనక్కి వెనక్కి పాకి, నీళ్ళ తొట్టికి వీపు ఆనించి కూర్చున్నాడు. సాయంత్రం దాకా దించలేదు. రహమత్‌బీ గుమ్మంలోనే కూలబడి నిద్రపోయింది.

ఆ తర్వాత అతను జవాన్లతో మాట్లాడటం మానేశాడు. తల్లులతో, భార్యలతో మాట్లాడాడు.

ఇప్పటికి లెక్క ఇది. మిల్లు నుంచి వచ్చిన నలభై మందీ వాళ్ళ వాళ్ళ ఇళ్ళలో ఉన్నారు. అతను తీసుకెళ్ళిన ముప్పై ఒక్క మందిలో నలుగురు తెర్మిన్‌లో పోయారు, ఐదుగురు ఇళ్ళకొచ్చాక పోయారు. పద్నాలుగు మంది తమ భయం తాము తీసుకున్నారు. వద్దన్నవాళ్ళు ఏడుగురు. ఆ ఏడుగురిలో ముగ్గురు మూడు వందల కావడిలో మళ్ళీ చేరారు. దాన్ని ఒక పాతికేళ్ళ కెప్టెన్ మోస్తున్నాడట. అప్పలసూరి పింఛను తీసుకుని జీడితోట చూసుకుంటున్నాడు.

నగరేశ్వరరావు ఒంట్లో ఇంకా పదహారు ఉన్నాయి. ఏడుగురి కోసం ఏటా ఒకసారి వెళ్ళి అడిగి వస్తాడు. మిగతా తొమ్మిదీ తీసుకునేవాళ్ళు లేనివి. వాటిలో ఎనిమిది ఏమిటో అతనికి తెలుసు. తొమ్మిదోది ఏమిటో చాలాకాలం తెలియలేదు. అది తూటాలకు సంబంధించింది కాదు. ఊరికే, పొద్దున్నే, గొంతులో ముల్లులా పట్టుకునేది. పోయినవాళ్ళ ఇళ్ళను చూడటానికి నిజాంపట్నం వెళ్ళినప్పుడు తెలిసింది. మోజేసు తల్లి మరియమ్మ ఎండుచేపలు తిరగేస్తూ దగ్గింది. ఆ దగ్గుకు అతని గొంతు మూసుకుపోయింది. తను తిరిగి వచ్చేలోపు అమ్మ ఏమైపోతుందోనని ఆ కుర్రవాడు నౌకరీలో చేరిన రోజు నుంచీ భయపడ్డాడు; ఆ రోజు కడుపులో లేచిన మంట దాని పైపొరే. అతను పోయాడు. ఆ భయం ఇంకా ఆమె కోసం కాచుకుని ఉంది.

అందుకని రోజూ పొద్దున ఆమెకు ఫోన్ చేస్తాడు. చెప్పడానికి ఏమీ ఉండదు. రింగు మోగుతుంటుంది, అతని అరచేతులు తడుస్తాయి, హైమ వంటింట్లో గరిటె ఆపి వింటుంది. అవతల ఎత్తి, ఒకసారి దగ్గి, "ఎవరయ్యా?" అంటుంది మరియమ్మ.

ఆ మాటతో గొంతులో ముల్లు దిగుతుంది, మర్నాడు పొద్దుటి దాకా.